పిల్లలనడిగి ప్రణాళిక వేయుట
(ప్రాథమిక పాఠశాలల సాంకేతిక సాధనములను గూర్చి పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

గ్రామమున బావి త్రవ్వింపదలచినపుడు నీరు ఎచ్చట పడునో ముందుగా చూతుము. కాలిబాటను రోడ్డుగా మార్పదలచినపుడు ఎవరెవరు ఏ దారిని నడచుచున్నారో విచారింతుము. కాని పాఠశాలకు టీవీ, టాబ్, కంప్యూటరు వంటి సాధనము తెప్పించునప్పుడు ఇట్టి విచారణ అరుదు. సాధనము పెట్టెలో వచ్చును; గోడకు బిగింపబడును; కొలది దినములు వెలుగును. పిమ్మట విద్యుత్తు లేదనియో, సిగ్నలు అందదనియో, అందులోని మాట పిల్లలకు తెలియదనియో అది గుడ్డ కప్పుకొని నిలిచిపోవును. ఇట్టిచోట్ల లోపము యంత్రమునది కాదు. ఎవరి కొరకు తెచ్చితిమో ఆ పిల్లలను ముందుగా అడుగకపోవుటయే లోపము.

ప్రాథమిక పాఠశాలల పిల్లలనుండి వివరములు సేకరించి, ఆ లెక్కను బట్టి సాధనములను గూర్చి నిర్ణయించు విధమును పంచాయతీ సభ్యులకు తెలియజేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇందుకు గొప్ప చదువు అక్కరలేదు. కాగితము, కలము, ఓర్పు, పిల్లల భాష నెరిగిన ఒక మనిషి ఉన్నచో చాలును.

మన కొండల స్థితి

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు మొదలగు మండలములు 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నవి. బగత, కొండదొర, కోటియ, ఖోండు, పోర్జ, గదబ, వాల్మీకి మొదలగు తెగలవారు ఇచ్చట నివసించుచున్నారు. ఒకే పంచాయతీలో ఒక గ్రామము రోడ్డు ప్రక్కన ఉండును; వేరొక గూడెము ఏరు దాటి, కొండనెక్కి, గంటల కొలది నడచిన గాని చేరరానిదై ఉండును. రోగి వచ్చినచో డోలీలో మోసికొని రావలసిన చోట్లు నేటికిని కలవు. అట్టి గూడెమునకును బడి కలదు. ఆ బడికిని ప్రణాళిక కావలెను.

ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము 1955లోనే పని ప్రారంభించినది. విద్యుత్తు పుట్టిన ఆ కొండలలోనే మారుమూల ఇండ్లకు దీపము చేరుటకు దశాబ్దములు పట్టినది. తీగ వచ్చిన తరువాత కూడ వర్షకాలమున చెట్లు విరిగి పడుటచేతను, పిడుగులచేతను సరఫరా నిలిచిపోవుట మనమెరిగినదే. సెల్‌ఫోను గోపురముల సంగతియు ఇట్టిదే. సిగ్నలు లేని గ్రామములకు 4జీ సౌకర్యము కల్పించుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. గోపురములు పెరిగినవి, ఇది సంతోషింపదగిన విషయము. అయినను గోపురము నిలిచినంత మాత్రమున కొండ మలుపు వెనుకనున్న ఇంటికి సిగ్నలు అందునని చెప్పరాదు. అందునో అందదో ఆ ఇంటి పిల్లవాడే చెప్పగలడు.

సర్కారు లెక్కలు ఏమి చెప్పును, ఏమి చెప్పవు

మన దేశమున పాఠశాలలను లెక్కించు పని క్రొత్తది కాదు. మొదటి అఖిల భారత విద్యా సర్వే 1957లో ఆరంభమైనది. ఏ గ్రామమునకు బడి ఎంత దూరమున కలదో తెలిసికొనుట నాటి ముఖ్య ప్రశ్న. నేడు యూడైస్ అను పద్ధతిని ప్రతి పాఠశాలయు సంవత్సరమునకొకమారు తన వివరములు పంపుచున్నది. గదులెన్ని, ఉపాధ్యాయులెందరు, విద్యుత్తు కలదా, కంప్యూటరు కలదా, ఇంటర్నెట్టు కలదా అను ప్రశ్నలకు అందు సమాధానములుండును. ఈ లెక్క మిక్కిలి అవసరము. కాని అది బడిలో వస్తువు కలదని చెప్పును. ఆ వస్తువును పిల్లవాడు ముట్టెనా లేదా అను సంగతిని చెప్పదు.

ఈ భేదమును స్పష్టముగా చూపిన లెక్క ఒకటి కలదు. ప్రథమ్ సంస్థవారు 2005 నుండి గ్రామీణ బాలబాలికల చదువును ఇంటింటికి పోయి పరీక్షించుచు అసర్ అను పేర నివేదికలు ప్రకటించుచున్నారు. 2024 నివేదికలో 14 నుండి 16 ఏండ్ల వయస్సు గల పిల్లలను స్మార్ట్‌ఫోను విషయమై ప్రశ్నించిరి. దేశము మొత్తముమీద వారిలో 82.2 శాతమునకు ఫోను వాడుట తెలియును. అట్లు తెలిసినవారిలో గడచిన వారమున చదువు కొరకు దానిని వాడినవారు 57 శాతము. సామాజిక మాధ్యమముల కొరకు వాడినవారు 76 శాతము. వీరు ప్రాథమిక పాఠశాల పిల్లలకంటె పెద్దవారు. అయినను ఇందలి నీతి మనకును వర్తించును. వస్తువు కలదా అనునది ఒక ప్రశ్న. వాడుట తెలియునా అనునది రెండవ ప్రశ్న. చదువుకు వాడుచున్నావా అనునది మూడవ ప్రశ్న. మొదటిదానికి వచ్చిన సమాధానమును మూడవదానికి సమాధానముగా తీసికొనిన ప్రణాళిక నిలువదు.

2020వ సంవత్సరము నేర్పిన పాఠము

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణముగా పాఠశాలలన్నియు మూతపడినవి. ఇంటిలోనున్న పిల్లలకు పాఠము చేర్చు మార్గమేది? అప్పుడు రాష్ట్ర పాఠశాల విద్యాశాఖవారు పిల్లల ఇండ్లలో ఏ సాధనములు కలవో ఉపాధ్యాయుల ద్వారా తెలిసికొని, వారిని మూడు వర్గములుగా విభజించిరి. స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్టు గలవారు హైటెక్ వర్గము. టీవీ, రేడియో మాత్రము గలవారు లోటెక్ వర్గము. ఏ సాధనమును లేనివారు నోటెక్ వర్గము. మొదటి వర్గమునకు ఫోను ద్వారా పాఠములు, రెండవ వర్గమునకు దూరదర్శన్ సప్తగిరి ద్వారాను ఆకాశవాణి ద్వారాను పాఠములు, మూడవ వర్గమునకు ఉపాధ్యాయుడు స్వయముగా పుస్తకములు, అభ్యాసపత్రములు అందించుట అను ఏర్పాటు జరిగినది.

ఈ పద్ధతిలో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, పిల్లవాని స్థితి ముందు, సాధనము వెనుక అను క్రమము. అందరికిని ఒకే యంత్రమును నిర్ణయించుటకు బదులు, ఎవరికేది చేరునో వారికది పంపుట అందలి ధర్మము. రెండవది, ఆ లెక్కయొక్క పరిమితి. ఇంటిలో ఒకే ఫోను ఉండి, దానిని తండ్రి కూలిపనికి తీసికొనిపోయినచో ఆ పిల్లవాడు కాగితముమీద హైటెక్, పగటివేళ నోటెక్. కావున ప్రశ్న వేయుటలో ఇంకను సూక్ష్మత కావలెనని నాటి అనుభవము తెలుపుచున్నది.

ఆ తరువాతి సంవత్సరములలో సాధనములు విరివిగా వచ్చినవి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు టాబ్‌లు పంచబడినవి. ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు ఇచ్చు కార్యక్రమమును జరిగినది. వచ్చిన సాధనము సద్వినియోగము కావలెనన్నను, రాబోవు సాధనము తగినదై ఉండవలెనన్నను పిల్లల మాటయే ఆధారము.

దూరదేశపు అనుభవము

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున కూడ మనవంటి కొండ గ్రామములు, మనవలెనే ఇంటి భాష వేరుగా గల తెగలు కలవు. ఆ దేశ ప్రభుత్వము గ్రామీణ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు చిన్న కంప్యూటర్లను పంచినది. అమెరికా ఖండముల అభివృద్ధి బ్యాంకువారు 319 పాఠశాలలను పరిశీలించి 2012లో ఫలితములను ప్రకటించిరి. కంప్యూటర్లు రాని బడులలో పదిమంది పిల్లలకు సుమారు ఒకటి ఉండగా, వచ్చిన బడులలో ఒక్కొక్కరికి ఒకటికి మించి ఉన్నవి. సుమారు 15 నెలల పిమ్మట పరీక్షించి చూడగా, సాధారణ ఆలోచనాశక్తిలో కొంత మేలు కనబడినను, లెక్కలలోను భాషలోను పిల్లల చదువు పెరిగిన గుర్తు కానరాలేదు.

దీనిని బట్టి యంత్రము వ్యర్థమని తలపరాదు. పంచుట ఒక పని, పాఠము చెప్పుట వేరొక పని అని మాత్రము గ్రహింపవలెను. పిల్లవాడు ఏమి నేర్వలేకపోవుచున్నాడు, ఏ భాషలో చెప్పిన గ్రహించును, ఉపాధ్యాయునికి ఏ సహాయము కావలెను అను ప్రశ్నలకు సమాధానము లేకుండ వచ్చిన యంత్రము, విత్తనము లేని మడివంటిది.

ఎవరిని, ఎప్పుడు, ఎట్లు అడుగవలెను

మన కొండ పాఠశాలలు చిన్నవి. పదునైదుగురో, నలువదిమందియో ఉండు బడిలో కొందరిని ఏరి అడుగ పనిలేదు. అందరిని అడుగవచ్చును, అడుగవలెను. హాజరు పట్టికలో పేరున్న ప్రతి బిడ్డను లెక్కలోనికి తీసికొనవలెను. సర్వే దినమున బడికి వచ్చినవారిని మాత్రమే అడిగినచో పెద్ద పొరపాటు జరుగును. ఆనాడు రానివారే తరచుగా దూరపు గూడెమువారు, తమ్ముని ఎత్తుకొని ఇంట నిలిచిన ఆడపిల్లలు, పోడు పనికి పోయినవారు. వారి అవసరమే అందరికంటె ఎక్కువ. కావున రానివారి ఇంటికి పోయి అడుగవలెను.

సంత దినమున సర్వే పెట్టరాదు. కాఫీ పండ్లు కోయు నవంబరు, డిసెంబరు, జనవరి మాసములలోను పెట్టరాదు. అప్పుడు పెద్దలతోపాటు పిల్లలును తోటలకు పోవుచుందురు.

మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను నోటిమాటగా అడుగవలెను. వ్రాతపత్రము నిచ్చినచో అది సాధనముల సర్వే కాక చదువు పరీక్షయై కూర్చుండును. ఒకటి, రెండు తరగతుల పిల్లల విషయమున తల్లినో తండ్రినో కూడ అడుగవలెను. ప్రశ్న పిల్లవాని ఇంటి భాషలో ఉండవలెను. కువి మాట్లాడు బిడ్డను తెలుగులో అడిగినచో ప్రతిదానికి తలయూపును. ఆ తలయూపును 'అవును' అని వ్రాసికొనినచో సర్వే అంతయు వ్యర్థము.

అడుగువారు ఎవరన్నది కూడ ముఖ్యము. ఉపాధ్యాయుడు 'నేను చూపిన పాఠము అర్థమైనదా' అని అడిగినచో, పిల్లవాడు అయ్యగారి సంతోషము కొరకు 'అయినది' అనును. ఇట్టి ప్రశ్నలను ఊరిలో చదువుకొన్న యువతియో యువకుడో అడుగుట మేలు. అట్లే, ఈ వివరములను బట్టి రేషను, పింఛను తీసివేయుదురేమో అని కొందరు పెద్దలు భయపడుదురు. లేదని చెప్పిన ఉచితముగా టాబ్ వచ్చునేమో అని మరికొందరు ఆశపడుదురు. ఈ రెండును కావని గ్రామసభలో ముందుగా చాటవలెను. సర్వే ముగిసిన పిమ్మట వేరొకరు అయిదారు ఇండ్లకు పోయి అవే ప్రశ్నలను మరల అడిగి, సమాధానములు కలియుచున్నవో లేదో సరిచూడవలెను.

అడుగవలసిన ప్రశ్నలు

ప్రశ్నలు పదికి మించకున్న మేలు. ప్రతి ప్రశ్నయు ఒక నిర్ణయమునకు పనికిరావలెను. సమాధానము ఏదైనను మనము చేయునది మారనిచో ఆ ప్రశ్న అనవసరము. ఈ క్రింది పట్టికను మీ గ్రామమునకు తగినట్లు మార్చుకొనవచ్చును.

1. ఇంటిలో ఏ భాష మాట్లాడుదురు?
2. నిన్నటి రాత్రి ఇంటిలో దీపము వెలిగెనా? ఏ దీపము?
3. నిన్న సాయంకాలము ఇంటిలో ఫోను ఉండెనా? అది ఎవరి చేతిలో ఉండెను?
4. ఇంటివద్ద సిగ్నలు అందునా? అందనిచో ఎక్కడికి పోవలెను?
5. ఫోనుకు ఛార్జింగు ఎక్కడ పెట్టుదురు?
6. ఇంటిలో టీవీ గాని రేడియో గాని పనిచేయుచున్నదా?
7. గడచిన వారమున బడిలోని టీవీలో, టాబ్‌లో పాఠము చూచితివా? ఎన్ని దినములు?
8. అందు ఏమి చూచితివి? ఒక్క మాట చెప్పుము.
9. బడిలో నీకు కష్టముగా తోచునదేది?
10. గడచిన నెలలో బడికి రాని దినములెన్ని? ఏల రాలేదు?

మూడవ ప్రశ్నను గమనింపుడు. 'మీ ఇంట ఫోను కలదా' అని అడుగలేదు. 'నిన్న సాయంకాలము' అని దినమును, వేళను చెప్పి అడిగితిమి. గడచిపోయిన ఒక దినమును గూర్చి అడిగినచో సమాధానము నిజమునకు దగ్గరగా ఉండును. ఎనిమిదవ ప్రశ్న మరింత విలువైనది. 'అర్థమైనదా' అను ప్రశ్నకు అందరును అవుననెదరు. చూచినదానిని ఒక మాటగా తిరిగి చెప్పగలిగిన బిడ్డకే అది అర్థమైనట్లు. 'బొమ్మలు ఎగిరినవి' అని మాత్రమే చెప్పిన బిడ్డకు పాఠము అందలేదని మనము తెలిసికొనవలెను.

పిల్లలతోపాటు బడిని గూర్చియు కొన్ని సంగతులు వ్రాసికొనవలెను. ఒక వారము దినములు, బడి వేళలో విద్యుత్తు ఎన్ని గంటలు ఉన్నదో గోడమీద పట్టికగా గుర్తింపవలెను. ఉన్న సాధనములలో పనిచేయునవి ఎన్ని, చెడినవి ఎన్ని, చెడి ఎన్ని నెలలైనవి, బీరువా తాళము చెవి ఎవరివద్ద ఉండును అనునవి కూడ వ్రాయవలెను. తాళము చెవి సంగతి అల్పముగా తోచవచ్చును. కాని చెవి వేరొక ఊరిలో ఉన్నచో బీరువాలోని టాబ్ లేనట్టిదే.

లెక్కను చదువు విధము

ఒక ఉదాహరణమును కల్పించి చూతము. ఒక పంచాయతీలో మూడు ప్రాథమిక పాఠశాలలు ఉన్నవనుకొందము. మొదటిది రోడ్డు ప్రక్కన ఉన్నది. అందు 60 మంది పిల్లలు. రెండవది ఏటికి ఆవల ఉన్నది. అందు 25 మంది. మూడవది కొండమీద ఉన్నది. అందు 15 మంది. మొత్తము 100 మంది.

నిన్న సాయంకాలము ఇంటిలో ఫోను ఉన్నదని చెప్పినవారు మొదటి బడిలో 48, రెండవ బడిలో 9, మూడవ బడిలో 1. మొత్తము 58. ఇంటివద్ద సిగ్నలు అందునని చెప్పినవారు వరుసగా 45, 4, 0, మొత్తము 49. ఇంటి భాష తెలుగు అని చెప్పినవారు వరుసగా 40, 3, 0. మొదటి బడిలో మిగిలిన 20 మంది ఆదివాసీ ఒడియా మాట్లాడుదురు. రెండవ బడిలో మిగిలిన 22 మంది కువి మాట్లాడుదురు. మూడవ బడిలో 15 మందియు కొండ భాష మాట్లాడుదురు.

మొత్తము అంకెను మాత్రమే చూచినవాడు ఏమనును? 'నూటికి 58 మందికి ఫోను కలదు. సగమునకు మించినది గదా. సాయంకాలపు పాఠములు ఫోనుకు పంపుదము' అనును. ఆ నిర్ణయముచే మేలు పొందువారు దాదాపు అందరును రోడ్డు ప్రక్కవారే. కొండమీది 15 మందిలో 14 మందికి ఆ పాఠము చేరదు. ఎవరికి బడి తప్ప వేరు ఆధారము లేదో వారే విడిచిపోవుదురు. కావున పంచాయతీ మొత్తపు సగటును నమ్మరాదు. బడికి బడిగా, గూడెమునకు గూడెముగా లెక్కను విడదీసి చూడవలెను.

మరియొక జాగ్రత్త. చిన్న బడి లెక్కను శాతములలో చెప్పరాదు. 15 మంది గల బడిలో ఒక్క బిడ్డయే దాదాపు 7 శాతమగును. ఇద్దరు పిల్లలు అన్యచోటికి వలసపోయినంతనే శాతము తలక్రిందులగును. '15 మందిలో ఒకరు' అని చెప్పినచో అందరికి తెలియును, ఎవరును మోసపోరు.

లెక్కనుండి ప్రణాళికకు

ఆ ఉదాహరణములోని మూడు బడులకు మూడు విధములైన ప్రణాళికలు కావలెనని మీరీపాటికి గ్రహించియుందురు.

రోడ్డు ప్రక్క బడికి క్రొత్త సాధనము అక్కరలేకపోవచ్చును. ఉన్న టీవీని ఏ తరగతి ఏ గంటలో వాడవలెనో పట్టిక వేసినచో చాలును. ఆదివాసీ ఒడియా మాట్లాడు 20 మందికి టీవీ పాఠమునకు ముందు ముఖ్యమైన మాటలను వారి భాషలో చెప్పు ఏర్పాటు చేయవలెను. పాఠ్యపుస్తకములందు ముద్రించిన క్యూఆర్ గుర్తుల ద్వారా పాఠములు చూపు దీక్ష వేదిక 2017 నుండి దేశమున ఉన్నది. సిగ్నలు గల ఈ బడికి అది సులభముగా పనికివచ్చును.

ఏటికి ఆవలి బడిలో రెండవ టీవీ కొనుటకంటె, వానకాలమున విద్యుత్తు పోయినపుడు ఆదుకొను ఇన్వర్టరు, పిడుగునుండి రక్షణ ముందు కావలెను. అచ్చటి 22 మంది కువి పిల్లలకు కువి మాటలలో కథలు, లెక్కలు చెప్పించి రికార్డు చేసి, మెమరీ కార్డు పెట్టుకొను చిన్న స్పీకరు ద్వారా వినిపింపవచ్చును. గూడెములోని పెద్దలే కథకులు కాగలరు. ఇందుకు ఇంటర్నెట్టు అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ఆరంభింపబడినది. ఆ కాలమున సిద్ధమైన వాచకములు, బొమ్మలు మీ మండలమున ఎచ్చటనైన ఉన్నచో వెదకి తెప్పింపుడు.

కొండమీది బడికి ముందు కావలసినది వెలుగు. సోలారు పలక, బ్యాటరీ, దీపము. దానితోపాటు పాఠములు ముందుగానే నింపిన ఒకటి రెండు టాబ్‌లు. ఉపాధ్యాయుడు సమావేశమునకై మండల కేంద్రమునకు వచ్చినపుడు క్రొత్త పాఠములు నింపుకొని పోవచ్చును. మబ్బు పట్టిన జూలై, ఆగస్టు మాసములలో సోలారు పలక తక్కువ శక్తినిచ్చును. ఆ లెక్కతోనే బ్యాటరీని ఎన్నుకొనవలెను. నిధి పరిమితమైనపుడు మొదటి రూపాయి ఈ బడికే చేరవలెను. ఇచ్చటి పిల్లలకు ఇంటివద్ద వేరు దారి లేదు గదా!

మూడు బడులకును సమానమైన అవసరము ఒకటి కలదు, అది మరమ్మతు. అరకునుండి విశాఖపట్నము సుమారు 115 కిలోమీటర్లు. చెడిన యంత్రమును అంతదూరము తీసికొనిపోవు ఖర్చు ఎవరు భరింతురు? కొనుగోలు తీర్మానములోనే మరమ్మతు చేయువాని పేరు, గడువు, అందుకగు సొమ్ము వ్రాయనిచో ఆ తీర్మానము సంపూర్ణము కాదు.

పంచాయతీకి గల అధికారము

'బడి సంగతి విద్యాశాఖవారిది. మనకేల' అని కొందరు సభ్యులు అనుకొనవచ్చును. అది సరికాదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారము, 11వ షెడ్యూలులోని 29 విషయములలో ప్రాథమిక విద్యయు చేరియున్నది. షెడ్యూల్డు ప్రాంతములకు వర్తించు 1996 నాటి పెసా చట్టము ప్రకారము, గ్రామ పంచాయతీ తలపెట్టు అభివృద్ధి ప్రణాళికలను అమలునకు ముందు గ్రామసభ ఆమోదింపవలెను. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండవలెనని, అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెనని విధించినది. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారుచేయవలెను. సాధ్యమైనంతవరకు బోధన పిల్లవాని మాతృభాషలో జరుగవలెనని కూడ ఆ చట్టము చెప్పుచున్నది.

ఖోండు, పోర్జ, గదబ తెగలవారు ప్రత్యేక దుర్బల గిరిజన సమూహములుగా గుర్తింపబడినవారు. అట్టివారి గూడెములకు విద్యుత్తు, సెల్‌ఫోను గోపురము మొదలగు సౌకర్యములు కల్పించుటకై 2023 నవంబరు 15న పి.ఎం. జన్‌మన్ కార్యక్రమము ప్రారంభమైనది. ఐ.టి.డి.ఏ. అధికారులను అడుగబోవునపుడు 'మా ఊరికి టవరు కావలెను' అను మాటకంటె, 'మా కొండమీది బడిలో 15 మంది పిల్లలు. ఒక్కరి ఇంటివద్దను సిగ్నలు లేదు' అను మాట బలమైనది. సర్వే కాగితము పంచాయతీ చేతిలో అర్జీకి సాక్ష్యమగును.

పిల్లల వివరములను కాపాడుట

పిల్లలు నమ్మి చెప్పిన మాటలను జాగ్రత్తగా ఉంచవలెను. 18 ఏండ్ల లోపు వారి వివరముల విషయమున తల్లిదండ్రుల సమ్మతికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత వివరముల రక్షణ చట్టము ప్రాధాన్యమిచ్చినది. పేర్లు గల పత్రములు బడి బీరువాలోనే ఉండవలెను. పంచాయతీకి అంకెలు మాత్రము రావలెను. ఆధార్ సంఖ్య, ఫోను సంఖ్య ఈ సర్వేకు అక్కరలేదు. పత్రములను ఫొటో తీసి వాట్సాప్ గుంపులలో పెట్టరాదు. దీపము లేని ఇల్లు ఎవరిదో సభలో పేరు పెట్టి చదువరాదు; బిడ్డ తలవంచుకొనునట్టి లెక్క ఎంత నిజమైనను మంచిది కాదు.

సంవత్సరపు క్రమము

జూన్‌లో బడులు తెరచిన పిమ్మట పేర్లు కుదుటపడనిచ్చి, జూలైలో సర్వే చేయవచ్చును. ఆగస్టు 15 నాటి గ్రామసభలో బడివారీగా అంకెలను చదివి వినిపింపవలెను. తెలుగులో చదివి, గూడెముల భాషలలో కూడ చెప్పించవలెను. అక్టోబరు 2 మొదలు జరుగు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికా కార్యక్రమమున పాఠశాల కమిటీల కోరికలను చేర్చవలెను. ప్రతి సాధనమునకును ఒక వాడుక పుస్తకము పెట్టి, తేదీ, తరగతి, పాఠము, ఎన్ని నిమిషములు వాడినది వ్రాయింపవలెను. కాఫీ కోతలు ముగిసిన తరువాత ఫిబ్రవరిలో ఏడవ, ఎనిమిదవ ప్రశ్నలను మాత్రము మరల అడిగి చూడవలెను. జూలైలో పాఠమును తిరిగి చెప్పగలిగినవారు ఎందరు, ఫిబ్రవరిలో ఎందరు? ఆ సంఖ్య పెరిగినచో ప్రణాళిక ఫలించినట్లు. పెరుగనిచో, యంత్రము ఎంత మెరయుచున్నను, మార్గమును మార్చవలెను.

రాబోవు సమావేశమున పాఠశాల సాధనముల విషయము చర్చకు వచ్చినపుడు ప్రతి సభ్యుడును మూడు ప్రశ్నలు వేయవలెను. ఏ బడి పిల్లలను అడిగితిరి? బడికి రానివారిని అడిగితిరా? వారి భాషలో అడిగితిరా? ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మటనే సంతకము చేయుడు. సంతకమునకు పట్టునది ఒక క్షణము. దాని ఫలితమును కొండమీది ఆ పదునైదుగురు పిల్లలు అయిదు తరగతులు చదువునంత కాలము అనుభవింపవలెను.